అమ్మ ఎత్తు ఎంత?

మన ఆరోగ్యం

ప్రతి సంక్రాంతి సంచికకూ ఈ శీర్షిక రాయమని మన సంపాదకవర్గం వారు అడగడం, గడువు దాటిన వారం రోజులకు నేను పంపడం ఆనవాయితీ అయిపోయింది. కిందటిసారి షుగరు వ్యాధి గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. "డాక్టరుగారూ, అరిసెలు మానెయ్యమన్నారు, బాగానే ఉంది. మరి పండగ దేనికండీ?" అని ఒక పెద్దాయన నిలదీశారు కూడా. ఈసారి అరిసెల జోలికి పోను. ఈసారి రాయబోయేది మన ఇళ్ళలో ఉన్న అమ్మలు, అత్తగార్లు, అమ్మమ్మలు, నాయనమ్మల వెన్నెముకల గురించి. మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. డాక్టరునై ఉండి కూడా నేను చేసిన పొరపాటు ఒకటి అందులో ఉంది.

గుమ్మం మీద గీతలు

పండగనాడు పిల్లల్ని వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తలమీద పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయడం మా ఇంట్లో అలవాటు. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. 2009 సంక్రాంతికి అమ్మ మా దగ్గరే ఉంది. పిల్లలిద్దరి గీతలూ అయ్యాక మా అమ్మాయి, "అమ్మమ్మా, నువ్వు కూడా నుంచో" అని చెయ్యి పట్టుకు లాగింది. "నేనింకేం పెరుగుతానే, తరిగిపోతున్నాను గానీ" అంది అమ్మ. అందరం నవ్వాం. గీత గీశాం. టేపు పెట్టి చూస్తే నూటయాభైన్నర సెంటీమీటర్లు.

నవ్వు అక్కడే ఆగింది. నా ఎత్తు నూటయాభై ఏడు. నా పెళ్ళి ఫొటోల్లో అమ్మ, నేను భుజం భుజం కలిపి సమానంగా నిలబడి ఉంటాం. అనుమానం వచ్చి అమ్మ కాగితాల సంచీ తీయించాను. పాత పాస్‌పోర్టులన్నీ రబ్బరుబ్యాండు వేసి దాచిపెట్టే అలవాటు ఆవిడకి. 1987లో మా అన్నయ్య దగ్గరికి మొదటిసారి వచ్చినప్పటి పాస్‌పోర్టు కూడా అందులో దొరికింది. చేత్తో రాసిన పాతకాలపు పాస్‌పోర్టు. ఎత్తు అన్నచోట 157 అని ఉంది. అంటే ఆరున్నర సెంటీమీటర్లు, మన లెక్కలో రెండున్నర అంగుళాలు ఎక్కడికో పోయాయి.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రెండు మూడేళ్ళుగా అమ్మ, "ఈమధ్య నేసేవాళ్ళు చీరలకి పన్నా ఎక్కువ పెడుతున్నారే, ఎంత దోపినా అంచు నేలకి రాసుకుంటోంది" అంటూనే ఉంది. "మీ అమెరికావాళ్ళు అలమార్లు మరీ ఎత్తులో కడతారు, పోపులపెట్టె అందట్లేదు" అంటోంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని కంచం ముందునుంచి లేచిపోతోంది. పన్నా మారలేదు, అలమారా మారలేదు. మారింది అమ్మ. వినడమైతే అన్నీ విన్నాను గాని, ఒక్కటీ చెవికెక్కలేదు.

ఇంకా వెనక్కి వెళితే 2003. మావాడు పుట్టినప్పుడు సాయానికి వచ్చింది. ఒకరోజు వాణ్ణి కారు సీటుతో సహా కిందనుంచి ఎత్తబోతుంటే వీపులో కలుక్కుమందట. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడోనాడు మంచంమీదనుంచి లేవలేకపోతుంటే అడిగి తెలుసుకున్నాను. వేలితో నొక్కి చూసి, "కండరం పట్టేసిందమ్మా, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాను. వేడికాపడం పెట్టాను, నొప్పి మాత్రలిచ్చాను. ఆరేడు వారాలకు తగ్గింది. అంతటితో మరిచిపోయాం.

2009లో ఎక్స్‌రే తీయిస్తే మూడు వెన్నుపూసలు నలిగిపోయి కనిపించాయి. మూడూ పాతవేనని రిపోర్టు వచ్చింది. వాటిలో ఒకటి మావాణ్ణి ఎత్తిననాటిదే అయ్యుంటుందని నా నమ్మకం. మిగతా రెండూ ఎప్పుడు నలిగాయో అమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. పేషెంట్లకు రోజూ ఎముకల గురించి చెప్పే నేను, మా ఇంట్లో ఒక మనిషి రెండున్నర అంగుళాలు తగ్గిపోతుంటే చూడలేదు. ఏటేటా పిల్లల ఎత్తులు కొలిచిన గుమ్మం దగ్గర అమ్మను ఒక్కసారీ నిలబెట్టలేదు.

వెన్నుపూస ఎలా నలుగుతుంది?

మన వెన్నెముకలో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. పూసకీ పూసకీ మధ్య మెత్తటి దిండులాంటి డిస్కు ఉంటుంది. పూస బయటినుంచి గట్టిగా కనిపిస్తుంది గాని, లోపలంతా తేనెపట్టులా సన్నసన్నటి ఎముక పోగుల అల్లిక. వయసులో ఉన్నప్పుడు ఆ పోగులు దట్టంగా ఉండి బరువు మోస్తాయి. ఎముక గుల్లబారినప్పుడు పోగులు సన్నబడతాయి, కొన్ని తెగిపోతాయి. అలాంటి పూసమీద బరువు పడితే కాలో చెయ్యో విరిగినట్టు ఫట్‌మని విరగదు. ఖాళీ అట్టపెట్టెమీద కూర్చుంటే ఎలా కుంగుతుందో అలా కుంగిపోతుంది.

వంగినప్పుడు బరువంతా పూస ముందుభాగం మీద పడుతుంది. అందుకని సాధారణంగా ముందువైపే నలిగి, వెనకవైపు అలాగే నిలబడుతుంది. తలుపు మూసుకోకుండా కింద పెట్టే చెక్కముక్క చూశారుగదా, ఒకవైపు సన్నగా, రెండోవైపు మందంగా ఉంటుంది. నలిగిన పూస కూడా అలాగే అవుతుంది. ఒకటయితే పైకి తెలియదు. రెండు మూడు అలా అయ్యాయంటే పైనున్న వెన్నంతా ముందుకు వాలుతుంది. మనం గూని అనేదీ, వయసు మీదపడి వంగిపోయింది అనేదీ చాలామందిలో ఇదే. వీపు మధ్యలోనూ, వీపూ నడుమూ కలిసేచోటా ఉన్న పూసలకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఇది జరగడానికి మెట్లమీదనుంచి పడక్కర్లేదు. బియ్యం బస్తా జరపడం, లాండ్రీ బుట్ట ఎత్తడం, బిగుసుకుపోయిన కిటికీని పైకి లాగడం, గట్టిగా దగ్గడం, ఒక్కోసారి మంచంమీద పక్కకి తిరగడం చాలు. అంత చిన్న కారణానికి ఎముక విరుగుతుందని ఎవరూ అనుకోరు. అందుకే వెన్నుపూసల ఫ్రాక్చర్లలో దాదాపు మూడింట రెండు వంతులు డాక్టరు దృష్టికే రావు. కొందరికి నొప్పే ఉండదు. ఉన్నవాళ్ళు కూడా వాతమనీ, గ్యాసు పట్టిందనీ, నడుం పట్టేసిందనీ సరిపెట్టుకుంటారు. అసలు మన తల్లుల తరం నొప్పి అని నోరు విప్పి చెప్పడమే తక్కువ.

"విరిగినా అదే తగ్గిపోతుంటే ఇంత హడావుడి దేనికి?" అని మీరడగవచ్చు. నొప్పి తగ్గుతుంది గాని, నలిగిన పూస మళ్ళీ లేచి నిలబడదు. అంతకన్నా ముఖ్యం, ఒక పూస నలిగినవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండా ఇంకొకటి నలుగుతుంది. తుంటి ఎముక విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. వెన్ను వంగినకొద్దీ డొక్క ఎముకలు కిందికి దిగి కడుపుమీద ఒత్తుతాయి. కొంచెం తినగానే నిండినట్టు అనిపించేది అందుకే. ఊపిరితిత్తులు విచ్చుకోడానికి చోటు తగ్గి ఆయాసం వస్తుంది. తూకం తప్పి పడిపోయే భయం ఎక్కువవుతుంది. పడతానన్న భయంతో గుడికీ, పేరంటానికీ వెళ్ళడం మానేస్తారు. కాబట్టి మొదటి పూస నలిగినప్పుడే కనిపెడితే, రాబోయేవాటిలో చాలావాటిని ఆపే వీలుంది.

ఆడవాళ్ళకే ఎందుకెక్కువ?

ఎముక రాయిలా స్థిరంగా ఉండేది కాదు. ఒకవైపు పాత ఎముకను తినేసే కణాలు, ఇంకోవైపు కొత్త ఎముకను కట్టే కణాలు, జీవితాంతం పని చేస్తూనే ఉంటాయి. తినేవాటిని ఈస్ట్రోజెన్ హార్మోను అదుపులో పెడుతుంది. నెలసరి ఆగిపోయాక ఆ అదుపు తప్పుతుంది. ఆ తరవాతి అయిదు నుంచి ఏడేళ్ళలో కొందరికి ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గిపోతుంది. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో పనిచేసిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు ఈ సంబంధాన్ని గుర్తించి 1941 నాటికే రాశారు.

మన తెలుగువాళ్ళ సంగతి ఇంకొకటుంది. ఎండ బోలెడుంది గదా, మనకు విటమిన్ డి కొరతేమిటి అనుకుంటాం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో విటమిన్ డి కొరత విరివిగా కనిపించింది. తిండిలో కాల్షియం కూడా తక్కువేనని తేలింది. తిరుపతి ఎండలోనే అలా ఉంటే, మన ఊళ్ళో అయిదు నెలలు కోట్లు వేసుకుని ఇంట్లోనే ఉండే పెద్దవాళ్ళ మాట చెప్పాలా?

ఆస్త్మాకో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికీ, చిన్న వయసులోనే గర్భసంచి, అండాశయాలు తీయించుకున్నవారికీ, తల్లికి తుంటి విరిగిన చరిత్ర ఉన్నవారికీ ప్రమాదం మరీ ఎక్కువ. మగవాళ్ళకీ వస్తుంది. కాబట్టి ఇది చదివి నాన్నగారిని వదిలేయకండి.

ఎలా కొలవాలి?

చెప్పులు, మేజోళ్ళు తీయించండి. కొప్పు ఉంటే విప్పించండి. మడమలు గోడకు ఆనించి, వీలైనంత నిటారుగా, ఎదురుగా చూస్తూ నిలబడమనండి. తలమీద అట్టపుస్తకం గోడకు నిలువుగా ఆనేలా పెట్టి గీత గీయండి. సాయంత్రానికి డిస్కులు కాస్త అణిగి ఎవరమైనా కొంచెం తగ్గుతాం కాబట్టి, ఏటా ఉదయంపూటే కొలవండి. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోండి.

వయసులో ఉన్నప్పటి ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? పాత చేతిరాత పాస్‌పోర్టు ఉంటే అందులో చూడండి. ఇక్కడి డ్రైవర్ లైసెన్సు మీదా, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ మీదా కూడా ఎత్తు ఉంటుంది. నోటిమాట విని రాసినవీ ఉంటాయి గనుక అరసెంటీమీటరు కోసం కంగారు పడకండి. ఏదీ లేకపోతే పెళ్ళి ఫొటో తీసి, పక్కన ఎవరికి ఎంతవరకు వచ్చేవారో చూడండి.

డిస్కులు ఎండి పలచబడటం వల్ల వయసుతోపాటు అందరం కొంత తగ్గుతాం. అది రోగం కాదు. అయితే వయసులో ఉన్నప్పటికంటే 4 సెంటీమీటర్లు, అంటే అంగుళంన్నర, లేదా ఆపైన తగ్గితే దాన్ని వయసుకి వదిలేయకూడదు. మీరు కొలవడం మొదలుపెట్టాక 2 సెంటీమీటర్లు తగ్గినా అంతే. వెన్నెముకకు ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఇంకో రెండు గుర్తులున్నాయి. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడ్డప్పుడు తల వెనకభాగం గోడకు తగలకపోవడం ఒకటి. పక్కన చివరి డొక్క ఎముకకీ తుంటి ఎముకకీ మధ్య రెండు వేళ్ళు మించి పట్టకపోవడం రెండోది. అమ్మకు ఆ సందులో నా వేలు ఒకటే పట్టింది.

డాక్టరుని ఏమడగాలి?

ఎత్తు తగ్గిందని అంకెలతో సహా చెప్పండి. "నడుంనొప్పండీ" అంటే నొప్పి మాత్ర ఇచ్చి పంపేస్తారు. "157 ఉండేవారు, ఇప్పుడు 150న్నర" అంటే ఏ డాక్టరైనా పెన్ను పక్కన పెట్టి వింటారు. వీపుకీ నడుముకీ పక్కనుంచి తీసే ఎక్స్‌రే అడగండి. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష కూడా కావాలి. కొన్ని డెక్సా యంత్రాల మీదే వెన్నుపూసల ఆకారం కూడా చూడవచ్చు. ఈ దేశంలో 65 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళందరూ, అంతకంటే చిన్నవాళ్ళయినా నెలసరి ఆగిపోయి ప్రమాద లక్షణాలున్నవాళ్ళూ డెక్సా చేయించుకోవాలని ప్రభుత్వ నిపుణుల సంఘం 2025లో మళ్ళీ చెప్పింది. మెడికేర్ ఉన్నవారికి ప్రమాదముందని డాక్టరు రాస్తే రెండేళ్ళకోసారి దానికి డబ్బు చెల్లిస్తుంది. విజిటర్ వీసాల మీద వచ్చే అమ్మానాన్నలకి మెడికేర్ ఉండదు కాబట్టి, ప్రయాణానికి ముందే విజయవాడలోనో హైదరాబాదులోనో చేయించుకుని రిపోర్టు వెంట తెచ్చుకోవడం మేలు.

డెక్సాలో టీ స్కోరు మైనస్ 2.5 గాని, అంతకంటే కిందికి గాని వస్తే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత అది. కాని ఒక మెలిక ఉంది. నలిగి దగ్గరపడిన పూస, పక్కన అరుగుదలతో పెరిగిన ఎముక, ఇవి యంత్రానికి దట్టంగా కనిపించి అంకెను ఉన్నదానికంటే బాగా చూపించవచ్చు. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన నల్గొండ, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్ళ విషయంలో కూడా ఇదే జాగ్రత్త. ఫ్లోరోసిస్ ఎముక చూడ్డానికి దట్టం, బలంలో మాత్రం పెళుసు. అందుకని డెక్సా బాగుందని ఎక్స్‌రే మానుకోవద్దు. ఏ దెబ్బా తగలకుండా పూస నలిగిందంటే, అంకె ఎంతున్నా ఎముక బలహీనంగా ఉన్నట్టే. అరుదుగా థైరాయిడ్, పారాథైరాయిడ్ గ్రంథుల తేడాలు, ఎముక మజ్జలో వచ్చే క్యాన్సరు కూడా ఇలా చేస్తాయి గనుక రక్తపరీక్షలూ అవసరం.

మందుల మాట

1995లో అలెండ్రొనేట్ మాత్రకు ఇక్కడ అనుమతి వచ్చింది. వారానికోసారి వేసుకునేది. పొద్దున్నే పరగడుపున, నిండుగ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంటపాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. మన తల్లులకు ఇందులో కష్టమైనది ఆ అరగంట కాఫీ లేకుండా ఉండటం! కాఫీతో మింగితే మందు ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది. అమ్మ అలా కాఫీతో మింగుతోందని నాకు మూడు నెలలకుగాని తెలియలేదు. మాత్ర పడనివారికి ఏడాదికోసారి రక్తనాళంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 2007 నుంచి ఉంది. ఇప్పటికే పూసలు నలిగినవారికి కొత్త ఎముకను కట్టే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి.

ఆర్నెల్లకోసారి చర్మం కిందికి ఇచ్చే డెనోసుమాబ్ 2010లో వచ్చింది. మంచి మందు. అయితే ఇటూ అటూ తిరిగే మన పెద్దవాళ్ళు దీని విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆర్నెల్లు దాటించకూడదు. ఉన్నట్టుండి ఆపేస్తే అదుపులో ఉన్న ఎముక తినే కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. కొందరికి ఒకేసారి రెండు మూడు పూసలు నలుగుతాయి. నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దావిడ ఇక్కడ ఇంజెక్షన్ వేయించుకుని 2019 చివర్లో ఊరికి వెళ్ళారు. 2020లో కరోనాతో విమానాలు ఆగిపోయాయి, అక్కడ ఆ మందు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాది గడవకముందే ఆవిడకు నాలుగు పూసలు నలిగాయి. ఈ మందు మొదలుపెట్టేముందే తరవాతి మోతాదు ఏ ఊళ్ళో, ఎవరు వేస్తారో అనుకోండి. ఆపాలంటే దాని వెనకే వేరే మందు వాడాలి. ఆ సంగతి డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి.

ఈ మందులతో దవడ ఎముక పాడవుతుందని భయపడి మానేసేవారున్నారు. గుల్లబారిన ఎముకలకు వాడే మోతాదులో అది చాలా అరుదు. పళ్ళు పీకించుకోవలసిన పని ఉంటే ముందే చేయించుకోండి. పూస నలిగి నొప్పిగా ఉన్నప్పుడు కొద్ది రోజుల విశ్రాంతి సరే, నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకోవడం మాత్రం చెరుపు చేస్తుంది. కదలని ఎముక ఇంకా కరుగుతుంది.

ఇంట్లో చేయవలసింది

తిండి: 50 దాటిన ఆడవాళ్ళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలోనో కప్పు పెరుగులోనో సుమారు 300 ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350. పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ, అందుకని నువ్వుల అరిసెను ఈ ఒక్క విషయంలో మెచ్చుకుంటాను. మునగాకు మంచిది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. తిండితో చాలకపోతేనే మాత్ర. విటమిన్ డి 70 దాకా రోజుకు 600 యూనిట్లు, ఆపైన 800 కావాలి. కొరత ఎక్కువుంటే డాక్టరు పెంచుతారు. మాంసకృత్తులు కూడా ముఖ్యం. ఉపవాసాల పేరుతో పెద్దవాళ్ళు పప్పూ పాలూ తగ్గించేస్తుంటే చూస్తూ ఊరుకోకండి.

వ్యాయామం: నడక మంచిది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, గోడకు ఆని భుజాలు వెనక్కి లాగడం ఇంకా మంచివి. ముందుకు వంగేవి మాత్రం వద్దు. మేయో క్లినిక్ వైద్యులు 1984లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళలో వెన్నును వెనక్కి చాచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా పూసలు నలిగాయి. కాబట్టి పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం, హలాసనం ఇంక చాలు. యోగా మానమనడం లేదు. వెన్ను సంగతి గురువుగారికి ముందే చెప్పమంటున్నాను.

ఎత్తడం: మనవల్ని ముద్దుచేయడానికే గదా వస్తారు. కూర్చున్నవారి ఒళ్ళో బిడ్డను మనం పెడదాం. తొట్టిలోనుంచో కారు సీటులోనుంచో ఎత్తే పని వాళ్ళకు వద్దు. బేస్‌మెంట్ నుంచి లాండ్రీ బుట్ట, గ్రైండరు రాయి, ఇరవై పౌన్ల బియ్యం సంచీ, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు, ఇవన్నీ మన పనులే. తప్పనిసరయితే మోకాళ్ళు వంచి, వస్తువును గుండెకు దగ్గరగా పట్టుకుని లేవాలి.

పడకుండా: రాత్రి బాత్‌రూముకి వెళ్ళే దారిలో చిన్న దీపం, స్నానాల గదిలో పట్టుకోడానికి కమ్మీ, జారే చిన్న తివాచీలు తీసేయడం, ఇంట్లో హవాయి చెప్పుల బదులు మడమ పట్టి ఉండే చెప్పులు. జనవరిలో మంచుమీద వాకిట్లోకి వెళ్ళి ముగ్గు పెడతానంటే ససేమిరా వద్దనండి.

ముగ్గులంటే గుర్తొచ్చింది. మన కార్యవర్గానికి ఒక మనవి. ఈసారి ముగ్గుల పోటీలో అరవై దాటినవారికి నేలమీద కాకుండా బల్లలమీద అట్టలు వేసి చోటు కేటాయించండి. గంటసేపు నడుం వంచి చుక్కలు పెట్టాక బహుమతితో పాటు ఫ్రాక్చరు తీసుకెళ్ళడం ఎందుకు?

ఈ భోగినాడు

అమ్మకు 2009లోనే మందు మొదలుపెట్టాం. మొదట మాత్రలు, తరవాత ఏడాదికోసారి ఇంజెక్షన్. ఇప్పుడావిడకు ఎనభై అయిదు దాటాయి. తెనాలిలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. పోయిన ఎత్తు తిరిగి రాలేదు, వీపు వంపూ పోలేదు. అది పోదని ముందే తెలుసు. ప్రతి సంక్రాంతికీ తమ్ముడు కొలిచి ఫోన్‌లో అంకె చెబుతాడు. కిందటేడు 149. ఇన్నేళ్ళలో పోయింది ఒకటిన్నర సెంటీమీటరు. కొత్తగా ఏ పూసా నలగలేదు. "ఏమే, ఈ ఏడు పాసయ్యానా?" అని అడుగుతుంది ఫోన్‌లో. "పాసయ్యావమ్మా" అంటాను. 2003లో ఎక్స్‌రే తీయించి ఉంటే ఆ మిగతా రెండు పూసలు నిలిచేవేమోనన్న బాధ మాత్రం నాకు ఉండిపోయింది.

మీకు ఆ బాధ వద్దు. ఈ భోగినాడు పిల్లల తలమీద భోగిపళ్ళు పోయడం అయ్యాక, పోసిన ఆ పెద్దచేతులావిడను ఒక్క నిమిషం గోడకు ఆనించి నిలబెట్టండి. గీత గీసి తేదీ వేయండి. ఊళ్ళో ఉన్న అమ్మకయితే ఫోన్ చేసి, అన్నయ్య చేతనో వదిన చేతనో కొలిపించండి. రెండు అంకెలు కావాలి: అప్పటి ఎత్తు, ఇప్పటి ఎత్తు. తేడా నాలుగు సెంటీమీటర్లకు చేరిందంటే వయసని ఊరుకోకండి. పండగ మర్నాడే డాక్టరుకి ఫోన్ చేయండి.